చిన్న బడ్జెట్‌లో అకూస్టిక్ గిటార్: సాలిడ్ టాప్‌దా, పికప్ ఉన్నదా?

కొత్తతీగ:

స్టీల్ తీగల అకూస్టిక్ గిటార్ ఒకటి కొనాలి. బడ్జెట్ చిన్నది, పెంచే వీలు లేదు. ఆ డబ్బులో రెండు రకాలు దొరుకుతున్నాయి. ఒకటి లామినేట్ టాప్ (పొరలు అంటించిన ముందు పలక), కానీ కటవే (బాడీ భుజం దగ్గర కోత), పికప్ (గిటార్ శబ్దాన్ని ఆంప్‌కి పంపేది), ట్యూనర్‌తో కూడిన ప్రీఆంప్ ఉన్నాయి. రెండోది సాలిడ్ స్ప్రూస్ చెక్క టాప్, ఎలక్ట్రానిక్స్ ఏమీ లేవు. ధర ఇంచుమించు ఒకటే.

పాడుతూ కార్డ్స్ వాయించుకోవాలి, మెల్లగా ఫింగర్‌స్టైల్ (వేళ్లతో తీగలు మీటడం) నేర్చుకోవాలి. స్టేజీ ఇప్పట్లో లేదు. చేతులు చిన్నవి. డ్రెడ్‌నాట్ (పెద్ద బాడీ ఉన్న సైజు) ఒళ్లో పెట్టుకుంటే కుడి భుజం పైకి లేస్తోంది.

ఏది తీసుకోమంటారు? సాలిడ్ టాప్ అని చెప్పి అమ్మేది నిజంగా సాలిడేనా అని ఎలా తెలుసుకోవాలి? సెకండ్ హ్యాండ్‌లో చూస్తే ఏవి కొలవాలి? బ్రాండ్ పేర్ల కంటే చేత్తో పట్టుకుని చూసుకోగలిగేవి చెబితే ఎక్కువ ఉపయోగం.

ఆరుతీగలు:

స్టేజీ లేదన్నారు కాబట్టి పికప్‌కి డబ్బు పెట్టకండి. ధర ఒకటే అయినప్పుడు పికప్, ప్రీఆంప్, కటవే ఖర్చుని తయారీదారు ఇంకెక్కడో తగ్గించుకున్నాడన్నమాట. ఆ కోత ఎక్కువగా టాప్ చెక్క మీదో ఫ్రెట్ల (నెక్ మీది లోహపు పట్టీల) పని మీదో పడుతుంది. పికప్ కావాల్సి వస్తే సౌండ్ హోల్‌లో బిగించుకునేది తర్వాత కొనుక్కోవచ్చు, చెక్కకి ఒక్క రంధ్రం కూడా పెట్టక్కర్లేదు. టాప్ మాత్రం తర్వాత మార్చుకునే వస్తువు కాదు.

గిటార్ గొంతులో ఎక్కువ భాగం టాప్‌దే. సాలిడ్ టాప్ అంటే దాదాపు 2.5 నుంచి 3 మి.మీ. మందం ఉన్న నిజమైన పలక, మధ్యలో అతికిన రెండు ముక్కలు. లామినేట్ అంటే పలుచటి పొరలు, సాధారణంగా మూడు, ఒకదాని మీద ఒకటి అడ్డంగా అంటించినవి. అడ్డపొర వల్ల టాప్ బిగుసుకుంటుంది, జిగురు బరువు కూడా తోడవుతుంది. అందుకే మెల్లగా మీటినప్పుడు లామినేట్ తక్కువగా స్పందిస్తుంది. గట్టిగా స్ట్రమ్ చేస్తే ఈ తేడా అంతగా వినపడదు. ఫింగర్‌స్టైల్ కావాలన్నారు కాబట్టి మీకు వినపడుతుంది. వెనక, పక్కల చెక్క లామినేటే అయినా ఈ ధరలో దిగులు పడక్కర్లేదు.

నిజంగా సాలిడా కాదా తేల్చుకోవాలంటే సౌండ్ హోల్ అంచు చూడండి. టార్చ్ వేసి, పైన కనిపించే గీతల్లో ముదురుగా ఉన్న ఒకదాన్ని పట్టుకోండి. అది అంచు మీదుగా మడత తిరిగి, మందం పొడవునా లోపలివైపు దాకా వెళ్లాలి. అంచులో ప్లైవుడ్ అంచులా సమాంతరంగా పొరలు కనిపిస్తే, మధ్య పొర రంగు వేరుగా ఉంటే, అది లామినేట్. కొన్ని లామినేట్లలో లోపలి పొర కూడా స్ప్రూసే కాబట్టి లోపల ఫోన్ పెట్టి ఫొటో తీసి చూసినంత మాత్రాన తేలదు, అంచే సాక్ష్యం. అంచుకి నల్లరంగు పూసినా, ప్లాస్టిక్ పట్టీ వేసినా స్పెసిఫికేషన్ చదవండి. ‘సాలిడ్’ అన్న మాట లేకుండా ‘స్ప్రూస్ టాప్’ అనో ‘సెలెక్ట్ స్ప్రూస్’ అనో రాస్తే లామినేట్ అనే అనుకోండి. పేర్లలో చిన్న అక్షరం తేడా కూడా చూసుకోవాలి. ఫెండర్ సీడీ-60 లామినేట్, సీడీ-60ఎస్ సాలిడ్ టాప్. యమహా ఎఫ్310 లామినేట్, ఎఫ్‌జీ800 సాలిడ్ టాప్.

సైజు సంగతికొస్తే, భుజం లేస్తోందంటే డ్రెడ్‌నాట్ మీకు కాదు. కాన్సర్ట్ లేదా ఓఎం అనే చిన్న బాడీ సైజు చూడండి. ఒకే తరగతిలో రెండు సైజులు పోల్చుకోవడానికి యమహా ఎఫ్‌జీ800, ఎఫ్ఎస్800 బాగా పనికొస్తాయి. మొదటిదాని బాడీ లోతు 100 నుంచి 118 మి.మీ., స్కేల్ (తీగ మోగే పొడవు) 650. రెండోదాని లోతు 90 నుంచి 110, స్కేల్ 634. పదహారు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ నట్ (నెక్ పై కొసలో తీగలు ఆనే పట్టీ) నుంచి నాలుగో ఫ్రెట్ దాకా మొదటిదాంట్లో 134 మి.మీ., రెండోదాంట్లో 131. చిటికెన వేలు చాపేటప్పుడు ఆ మూడు మిల్లీమీటర్లే కార్డ్ శుభ్రంగా మోగుతుందా లేదా అన్నది తేల్చేస్తాయి. పైగా అవే తీగలకి అదే శ్రుతిలో బిగువు దాదాపు 5 శాతం తగ్గుతుంది. పోయేది కాస్త బేస్. పాటకి తోడుగా వాయించేవాళ్లకి అది లోటు కాదు, మధ్యస్థాయి స్పష్టంగా ఉంటే గొంతు కిందికి చక్కగా సర్దుకుంటుంది.

నట్‌సాడిల్:

టాప్ గురించి చెప్పినదంతా సరైనదే. అయినా నేను దాన్ని రెండో స్థానంలో పెడతాను. కొత్తగా నేర్చుకునేవాళ్లని గిటార్ మానేసేలా చేసేది టాప్ కాదు, ఎత్తుగా ఉన్న తీగలు. సాలిడ్ టాప్ ఉండి తీగలు ఎత్తుగా ఉన్నదాని కంటే, లామినేట్ అయినా సరిగ్గా సెటప్ అయినది (నెక్ వంపు, తీగల ఎత్తు సరిచేసినది) ఎక్కువ కాలం చేతిలో ఉంటుంది.

షాపుకి వెళ్లేటప్పుడు అర మిల్లీమీటరు గీతలున్న స్టీల్ స్కేలు, ఒక కాపో (తీగలన్నిటినీ ఒక ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టే క్లిప్), ఫోన్‌లో ట్యూనర్ ఉంటే చాలు. ముందు శ్రుతి చేయండి. శ్రుతిలో లేని గిటార్ మీద తీసుకున్న కొలతకి అర్థం లేదు, తీగల లాగుడు మారితే నెక్ వంపు మారుతుంది.

మొదట నెక్ వంపు. మొదటి ఫ్రెట్ మీద కాపో పెట్టి, ఆరో తీగని (అన్నిటికంటే లావుదాన్ని) నెక్ బాడీని కలిసే ఫ్రెట్ దగ్గర (సాధారణంగా 14) నొక్కండి. ఆరు, ఏడు ఫ్రెట్ల మధ్య తీగకీ ఫ్రెట్‌కీ ఉన్న సందు చూడండి. 0.15 నుంచి 0.25 మి.మీ. ఉంటే మంచిది. ఏటీఎం కార్డు మందం 0.76 మి.మీ. అది సులువుగా దూరితే వంపు చాలా ఎక్కువ. అసలు సందే లేకపోతే నెక్ వెనక్కి వంగింది, మొదటి ఐదు ఫ్రెట్లలో బజ్ (తీగ ఫ్రెట్‌కి తగిలి వచ్చే జరజర) వస్తుంది. రెండూ ట్రస్ రాడ్‌తో (నెక్ లోపలి లోహపు కడ్డీతో) సరిచేసేవే. అందుకే ట్రస్ రాడ్ నట్టు ఎక్కడుందో చూసుకోండి, సౌండ్ హోల్ లోపలైనా, హెడ్‌స్టాక్ (తీగలు బిగించే తల భాగం) మీద చిన్న మూత కిందైనా ఉంటుంది. మరీ చవక గిటార్లలో కొన్నిటికి తిప్పుకునే ట్రస్ రాడ్ ఉండదు. అవి ఎంత బాగా మోగినా వదిలేయండి.

తర్వాత యాక్షన్, అంటే ఫ్రెట్ల మీద తీగల ఎత్తు. కాపో తీసేసి 12వ ఫ్రెట్ పైభాగం నుంచి తీగ అడుగు దాకా కొలవండి. ఆరో తీగ 2.4 మి.మీ. చుట్టుపక్కల, ఒకటో తీగ 1.8 చుట్టుపక్కల ఉంటే హాయిగా వాయించవచ్చు. మూడు దాటితే బార్ కార్డ్స్ (ఒకే వేలితో చాలా తీగలు నొక్కి పట్టేవి) దగ్గర చెయ్యి నొప్పి పుడుతుంది. మూడు దాటడం దానికదే తప్పు కాదు, దాన్ని దింపడానికి చోటు ఉందా లేదా అన్నదే అసలు విషయం. సాడిల్ (తీగలు ఆనే సన్నటి పట్టీ) బ్రిడ్జ్ (టాప్ మీద అతికించిన చెక్క దిమ్మ) పైన ఎంత కనిపిస్తోందో చూడండి. 12వ ఫ్రెట్ దగ్గర అర మిల్లీమీటరు దింపాలంటే సాడిల్‌లో ఒక మిల్లీమీటరు అరగదీయాలి. సాడిల్ పైకి 3 మి.మీ. ఉంటే పని జరుగుతుంది. ఒకటిన్నరే ఉండి తీగలు అప్పటికే ఎత్తుగా ఉంటే దింపడానికి ఏమీ మిగల్లేదు.

మూడోది నెక్ కోణం. పొడవాటి స్కేలుని ఫ్రెట్ల మీద నెక్ మధ్యగా పెట్టి బ్రిడ్జ్ వైపు జరపండి. దాని కొస బ్రిడ్జ్ పైభాగాన్ని రాసుకుంటూ వెళ్లాలి. బ్రిడ్జ్ ముందు గోడకి కొట్టుకుని కిందే ఆగిందంటే నెక్ ముందుకి వంగిపోయిందనో, బ్రిడ్జ్ దగ్గర టాప్ పైకి ఉబ్బిందనో అర్థం. నెక్ ఊడదీసి మళ్లీ అతికించే పని చిన్న బడ్జెట్ గిటార్ ధరనే మించిపోవచ్చు. ఈ ఒక్క పరీక్షలో తప్పితే మిగతావి చూడకుండానే కింద పెట్టేయవచ్చు.

నట్ గురించి ఎవరూ చెప్పరు, కానీ ఎఫ్ కార్డ్ రావట్లేదని బాధపడేవాళ్లలో చాలామంది సమస్య అక్కడే ఉంటుంది. ఒక్కో తీగని రెండు, మూడు ఫ్రెట్ల మధ్య నొక్కి మొదటి ఫ్రెట్ మీద సందు చూడండి. కాగితం మందమంత సందు చాలు. బాగా వెలుతురు కనిపిస్తుంటే నట్ గాడి ఎత్తుగా ఉంది. అలాంటి గిటార్‌లో ఖాళీ తీగలు శ్రుతిలో ఉన్నా, మొదటి మూడు ఫ్రెట్లలో పట్టిన కార్డ్స్ పైకి పోతాయి, ఎందుకంటే తీగని ఎక్కువ దూరం కిందికి నొక్కడంలో అది సాగుతుంది. గాడి లోతు చేయించడం చిన్న పనే కానీ సరైన ఆకురాళ్లు లేకుండా ఇంట్లో చేయకండి. ఒకసారి ఎక్కువ కోస్తే ఖాళీ తీగ మొదటి ఫ్రెట్ మీద బజ్ చేస్తుంది, నట్ మార్చాల్సి వస్తుంది.

ఆఖరుగా ప్రతి తీగనీ ప్రతి ఫ్రెట్ మీద ఒక్కొక్కటిగా మీటండి. విసుగ్గా ఉన్నా వదలకండి. ఒక్క చోటే బజ్ వస్తే దాని తర్వాతి ఫ్రెట్ ఎత్తుగా లేచింది, అది చిన్న పని. 12 దాటాక వరసగా అన్నీ బజ్ చేస్తే ఫింగర్‌బోర్డ్ బాడీ మీద ఉబ్బింది. 12వ ఫ్రెట్ దగ్గర హార్మోనిక్‌ని (తీగని నొక్కకుండా తాకి మీటిన స్వరాన్ని), అక్కడే నొక్కి మీటిన స్వరాన్ని ట్యూనర్‌లో పోల్చండి. ఐదు సెంట్ల (సెంటు అంటే అర స్వరంలో వందో వంతు) లోపు తేడా పర్వాలేదు. పది దాటితే ముందు తీగలు పాతవేమో చూడండి. కొత్త తీగలతోనూ అంతే వస్తే సాడిల్ సరైన చోట లేదు.

తేమమీటర్:

లామినేట్‌ని మరీ తక్కువ చేయకండి. సాలిడ్ టాప్‌కి గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండాలి. 40 కంటే తగ్గి అలాగే ఉండిపోతే టాప్ లోపలికి కుంగుతుంది, ఫింగర్‌బోర్డ్ కుంచించుకుని ఫ్రెట్ కొసలు గీసుకుంటాయి, చివరికి పగులు రావచ్చు. 60 దాటి ఉంటే టాప్ ఉబ్బి యాక్షన్ పెరుగుతుంది. గిటార్‌ని ఎప్పుడూ గోడకి తగిలించి ఉంచేవాళ్లు, ప్రయాణాల్లో తిప్పేవాళ్లు, సౌండ్ హోల్‌లో తేమ సంచి పెట్టడం లాంటివి చేయలేమనుకునేవాళ్లు మంచి లామినేట్ తీసుకోవడమే తెలివైన పని. అడ్డపొర అక్కడ మేలు చేస్తుంది, చెక్క కదలదు. రెండిట్లో ఏదైనా సరే ఎండలో నిలిపిన కారులో వదలకూడదు. ఆ వేడికి జిగురు మెత్తబడి, తీగల లాగుడుకి బ్రిడ్జ్ లేచిపోతుంది.

ఫ్రెట్ కొసల పరీక్ష షాపులోనే చేయండి. నెక్ పక్కన అరచేతిని కింది నుంచి పైకి నెమ్మదిగా జరపండి. గరుకుగా తగిలితే ఆ గిటార్ పొడిగాలిలో చాలాకాలం ఉందని అర్థం. దానికదే వద్దనడానికి కారణం కాదు గానీ, సాలిడ్ టాప్ అయితే బ్రిడ్జ్‌కీ కింది అంచుకీ మధ్య పగుళ్లు ఉన్నాయేమో మరింత జాగ్రత్తగా చూడాలి.

ఫింగర్‌బోర్డ్ చెక్క పేర్లు చూసి కంగారు పడకండి. 2017 జనవరి 2 నుంచి రోజ్‌వుడ్ జాతులన్నీ సైటీస్ (అంతరించే ప్రమాదమున్న జాతుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) నియంత్రణలోకి వచ్చాయి. పూర్తయిన వాద్యాలకి 2019 నవంబరులో సడలింపు ఇచ్చేసరికే చాలా కంపెనీలు వాల్‌నట్, లారెల్ లాంటి చెక్కలకి మారిపోయాయి. ఫ్రెట్ పని శుభ్రంగా ఉంటే ఆ చెక్కలతో వాయించడంలో లోటేమీ ఉండదు.

కొత్తతీగ:

అందరికీ ధన్యవాదాలు. పికప్ ఆలోచన వదిలేశాను. కాన్సర్ట్ సైజులో సెకండ్ హ్యాండ్ సాలిడ్ టాప్ ఒకటి దొరికింది, అంచు పరీక్షలో గీతలు మడత తిరిగాయి. శ్రుతి చేశాక కొలతలు ఇవి: 12వ ఫ్రెట్ దగ్గర ఆరో తీగ 3.4, ఒకటో తీగ 2.6. సాడిల్ పైకి 2 మి.మీ. ఉంది. ఏడో ఫ్రెట్ దగ్గర సందులో ఏటీఎం కార్డు దూరింది. స్కేలు బ్రిడ్జ్ పైభాగానికి కాస్త కిందే ఆగింది. అమ్మేవాళ్లు "సాడిల్ అరగదీస్తే సరిపోతుంది" అంటున్నారు. నిజమేనా?

నట్‌సాడిల్:

లెక్క వేసి చూద్దాం. కార్డు దూరింది కాబట్టి వంపు కనీసం 0.76. దాన్ని 0.25కి తెస్తే నెక్ మధ్యలో అర మిల్లీమీటరు తగ్గుతుంది, 12వ ఫ్రెట్ దగ్గర అందులో సుమారు సగం. అంటే 3.4 కాస్తా 3.15 అవుతుంది. అక్కడి నుంచి 2.4కి రావాలంటే ఇంకా 0.75 దింపాలి, సాడిల్‌లో 1.5 అరగాలి. మీకున్నది 2. అరమిల్లీమీటరే మిగులుతుంది. అప్పుడు తీగ సాడిల్ మీద నుంచి బ్రిడ్జ్ పిన్‌లోకి దాదాపు చదునుగా దిగుతుంది, సాడిల్ మీద ఒత్తిడి పోయి శబ్దం బలహీనపడుతుంది. కాబట్టి సాడిల్ ఒక్కదానితో సరిపోదు.

ఇంకొక్క అవకాశం ఇవ్వాలనుకుంటే, వాళ్లని అడిగి ట్రస్ రాడ్ బిగించి చూడండి. నట్టు వైపు ఎదురుగా చూస్తూ గడియారం ముల్లు తిరిగే దిక్కుకి, ఒకసారికి పావు చుట్టు మాత్రమే. తిప్పేముందు తీగలు కాస్త వదులు చేసి, తర్వాత మళ్లీ శ్రుతి చేసి కొలవండి. గట్టిగా బిగుసుకుపోయి తిరగనంటే అక్కడితో ఆపేయండి, రాడ్ విరిగితే ఆ గిటార్ పని అయిపోయినట్టే. వంపు సరయ్యాక స్కేలు పరీక్ష మళ్లీ చేయండి. అప్పుడు బ్రిడ్జ్ పైభాగాన్ని రాసుకుంటూ వెళ్తే కొనవచ్చు, సెటప్ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. అప్పటికీ కిందే ఆగితే వద్దు.

ఇంకోటి, బ్రిడ్జ్ వెనక అంచు కింద పలుచటి కాగితం దూర్చి చూడండి. అంచు పొడవునా ఎక్కడా లోపలికి వెళ్లకూడదు. పాలిష్ అంచు దగ్గర అర మిల్లీమీటరు దూరితే పర్వాలేదు, అంతకంటే లోపలికి వెళ్తే బ్రిడ్జ్ ఊడుతోంది. బ్రిడ్జ్ వెనక టాప్ కాస్త గుబ్బగా ఉండటం సాలిడ్ టాప్‌లో మామూలే. అది ఎక్కువై, బ్రిడ్జ్‌కీ సౌండ్ హోల్‌కీ మధ్య టాప్ కుంగి ఉంటేనే భయపడాలి. టాప్ మీద అక్కడక్కడ వేలి కణుపుతో తట్టండి. లోపల గలగలమంటే బ్రేసింగ్ (టాప్ అడుగున అతికించిన ఆసరా కర్ర) ఒకటి ఊడింది. అలాగే నట్ వెనక, హెడ్‌స్టాక్ మెడ దగ్గర పాలిష్‌లో సన్నటి గీత ఉందేమో వెలుతురుకి అటూ ఇటూ తిప్పి చూడండి. విరిగి అతికించిన హెడ్‌స్టాక్ కనిపించేది అక్కడే.

ఆరుతీగలు:

పై లెక్కతో ఏకీభవిస్తున్నాను. 3.4, పైగా స్కేలు కింద ఆగడం, రెండూ కలిశాయంటే వదిలేసి ఇంకోటి చూడటం మేలు.

బడ్జెట్ మొత్తం గిటార్ మీదే పెట్టేయకండి. ఐదో వంతు పక్కన పెట్టండి. క్లిప్ ట్యూనర్, కాపో, ఒక సెట్ తీగలు, మెత్తటి బ్యాగు, సెటప్ కూలీ అందులో వస్తాయి. సెటప్ చేయించేటప్పుడే తీగలు మార్పించండి, ఎందుకంటే తీగల మందం మారితే నెక్ వంపు కూడా మారుతుంది, ముందు సెటప్ చేయించి తర్వాత వేరే సైజు వేస్తే డబ్బు దండగ. సాధారణంగా ఫ్యాక్టరీ నుంచి 12-53 వస్తాయి, అంటే ఒకటో తీగ 0.012 అంగుళం. ఆరూ కలిపి టాప్ మీద 70 కిలోల పైనే లాగుతాయి. 11-52 వేస్తే ఐదారు కిలోలు తగ్గుతుంది, వేళ్లకి వెంటనే తెలుస్తుంది. ఫాస్ఫర్ బ్రాంజ్ తీసుకోండి, 80/20 బ్రాంజ్ మొదట్లో మెరిసినంత త్వరగానే మొద్దుబారుతుంది. నైలాన్ తీగలు వేస్తే మెత్తగా ఉంటాయని ఎవరైనా చెబితే వినకండి. వాటి లాగుడు దాదాపు 40 కిలోలే, స్టీల్ తీగలకి కట్టిన టాప్‌ని అవి కదిలించలేవు.

వేళ్లు గట్టిపడేదాకా గిటార్ మొత్తాన్ని అర స్వరం కిందికి శ్రుతి చేసి, మొదటి ఫ్రెట్ మీద కాపో పెట్టి వాయించండి. శ్రుతి మామూలుగానే వినపడుతుంది, బిగువు తగ్గుతుంది, నట్ గాడి ఎత్తు సమస్య కూడా అప్పటికి పక్కకి పోతుంది.

కొత్తతీగ:

ఆ గిటార్ వదిలేస్తున్నాను. ఇంకొక్క సందేహం. కొత్తది కొంటే సాడిల్ అరగదీయడం ఇంట్లో చేసుకోవచ్చా?

నట్‌సాడిల్:

చేసుకోవచ్చు, తొందర పడకపోతే. తీగలు వదులు చేసి సాడిల్‌ని నేరుగా పైకి లాగండి, పక్కకి వంచితే గాడి గోడ చిట్లుతుంది. ఏది ఏ వైపో గుర్తు పెట్టుకోండి. అడుగు నుంచి ఎంత తీయాలో అంత ఎత్తులో పెన్సిల్‌తో గీత గీయండి. గాజు పలక మీద 180 నంబరు ఉప్పుకాగితం అంటించి, సాడిల్‌ని నిటారుగా పట్టుకుని అడుగునే రుద్దండి, పైభాగాన్ని ముట్టుకోవద్దు. పైన ఉన్న వంపు, రెండో తీగ దగ్గరి మెట్టు శ్రుతి కోసం చేసినవి. గీతకి కాస్త ముందే ఆపి, పెట్టి, శ్రుతి చేసి కొలవండి. అడుగు ఎక్కడైనా గుండ్రంగా అరిగితే బ్రిడ్జ్‌కి సరిగా ఆనదు, శబ్దం సగం అక్కడే పోతుంది.

తీసినప్పుడు సాడిల్ అడుగు చూడండి. చవక గిటార్లలో కొన్నిటికి లోపల బోలుగా ఉన్న ప్లాస్టిక్ సాడిల్ ఉంటుంది. దాన్ని అరగదీస్తే గోడలు పలచబడి నొక్కుకుపోతుంది. అదే మందం, అదే పొడవు ఉన్న ఎముక సాడిల్ తెచ్చుకుని దాన్నే సైజుకి దింపుకోండి. పాతదాన్ని పారేయకుండా బ్యాగులో ఉంచండి, కొత్తది ఎక్కువ అరిగితే మళ్లీ పెట్టుకోవడానికి.